అత్త పేరుకి చుక్కల గీత

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురం. పెదనాన్న సర్వేయరు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పొలాలు కొలిచాడు, రిటైరయ్యాక మనుషుల్ని కొలుస్తున్నాడు. అత్త ఆయనకి అక్క, వెనకగదిలో బట్టలు కుడుతుంది. మూడో మనిషిని నేను, ఆయన తమ్ముడి కూతుర్ని. దస్తూరీ బాగుంటుందని పిలిపించుకున్నాడు. అమ్మా నాన్నా గడియారాల కొట్లో ఉన్నారు. తాతయ్యా నాన్నమ్మా గోడమీద ఫొటోల్లో ఉన్నారు, వాళ్లని లెక్కపెట్టలేదు. బల్లమీద వంశవృక్షం షీటు పరిచి ఉంది, ఎగరకుండా ఒక మూల అత్త ఇస్త్రీపెట్టె పెట్టి.

"గియ్యమంటే గియ్యవేంటి? నిబ్బు ఎండిపోతోంది."

"ఏ గీత, పెదనాన్నా?"

"గట్టిగా మాట్లాడు. నీ గొణుగుడంతా నీ డైరీకి చెప్పుకో. ఏ గీతేంటి? మీ అత్త గీత. తాతయ్య దగ్గర్నుంచి మూడు గీతలు దిగాలి. నాదీ, మీ నాన్నదీ పక్కా గీతలు. అత్తది చుక్కలు."

"చుక్కలంటే..."

"చుక్కలంటే చుక్కలే. మ్యాపులో ఖాయమైన హద్దుకి గీత గీస్తాం. తగాదాలో ఉన్న హద్దుకి చుక్కలు పెడతాం. జీవితమంతా చేసిన పని, నీకు పాఠం చెప్పాలా ఇప్పుడు? సాయంత్రం ప్రెస్సువాడు వచ్చి షీటు అచ్చుకి పట్టుకుపోతాడు. కానీ."

"ఎవర్రా తగాదా హద్దు?"

"నువ్వెప్పుడొచ్చావక్కా? మిషను చప్పుడు ఆగలేదే."

"ఎప్పుడో ఆగింది. నీ గొంతు దానికంటే పెద్దది, నీకెలా వినపడుతుంది? చెప్పు. ఎవరు తగాదా హద్దు?"

"నిన్ను ఉద్దేశించి కాదు. పద్ధతి ప్రకారం."

"పద్ధతి ప్రకారం నా పేరు కింద ముగ్గేస్తున్నావా?"

"ముగ్గు కాదు, చుక్కలు. అక్కా, కూర్చో. నువ్వు కూర్చుంటే నేను విడమరిచి చెప్తాను."

"నిలబడే వింటాను. కూర్చుంటే నీ ఉపన్యాసం పొడుగవుతుంది."

"సరే. మన మేనత్త పోయేముందు ఆసుపత్రిలో ఏమంది? 'మీ ముగ్గురిలో ఒకరు మా వదిన కడుపున పుట్టలేదురా' అంది. అందా లేదా?"

"ఆవిడ నర్సుని పట్టుకుని 'నువ్వు నా పెళ్లిలో జిలేబీ దొంగిలించావు' అని కూడా అంది. ఆ నర్సుకి ఇరవై రెండేళ్లు."

"అది మందుల మత్తు. ఇది తెలివిలో అన్న మాట."

"ఏది తెలివో ఏది మత్తో నువ్వే విడగొట్టావా? గొలుసు పెట్టి కొలిచి?"

"వెక్కిరించు. నేను ఆధారం లేకుండా మాట్లాడను. ఒసేయ్ గొణుగుడూ, అత్త పుట్టిన కాగితం తియ్యి. ఆఫీసు నుంచి తెప్పించిన పూర్తి నకలు. చదువు."

"నేనా, పెదనాన్నా?"

"ఇంకెవరు? ఫొటోలో మీ నాన్నమ్మ చదువుతుందా? పుట్టిన చోటు అన్న గడిలో ఏముంది?"

"పిండిమర."

"వినపడలేదు."

"పిండిమర, పెదనాన్నా. పిండిమర గది."

"విన్నావా అక్కా? ఆసుపత్రి కాదు. ఇల్లు కాదు. పిండిమర! లోకంలో ఎవరైనా పిండిమరలో పుడతారా?"

"నేను పుట్టాను. అమ్మ గోధుమలు పట్టించడానికి వెళ్లింది, వరసలో నిలబడగానే నొప్పులొచ్చాయి. నేను ఇంకో గంట ఆగి ఉండాల్సింది, నీ షీటుకి ఇబ్బంది లేకుండా."

"అది అమ్మ నీకు చెప్పిన కథ. పిండిమర దగ్గర పిల్లలు పుట్టరు. దొరుకుతారు. ఎవరో బస్తాల పక్కన పెట్టి పోతారు, ఎవరో చూస్తారు, పిల్లల్లేని ఇల్లాలికి కబురు పెడతారు."

"దొరకడానికి నేనేమన్నా గొడుగునా?"

"తర్వాతి గడి చదువమ్మాయ్. కబురు చెప్పినవాళ్లు."

"పక్కింటావిడ. వేలిముద్ర."

"వేలిముద్ర! కన్నతండ్రి ఏమయ్యాడు? చదువుకున్నవాడు, గడియారాలు బాగుచేసేవాడు, ముత్యాల్లాంటి దస్తూరీ. కూతురు పుడితే ఆఫీసుకి వెళ్లి ఒక్క సంతకం పెట్టలేడా?"

"నాన్న ఊళ్లో లేడు. పక్క జిల్లాలో గంటస్తంభం గడియారం బాగుచేస్తున్నాడు. వచ్చేసరికి నాకు బోర్లా పడ్డం వచ్చింది."

"ఎంత చక్కగా సర్దుతావు అక్కా. బట్ట చాలనిచోట అతుకేసినట్టు."

"అతుకు నా వృత్తి. అబద్ధం నీది. ఊరి పొలాలన్నీ కొలిచావు కదా, ఒక్క గట్టయినా సరిగ్గా పడిందా? నువ్వు కొలిచి వెళ్లాకే కదరా అన్నదమ్ములు కర్రలు తీసింది!"

"నా ఉద్యోగం జోలికి రాకు."

"నా పుట్టుక జోలికి నువ్వొచ్చావు. నీ ఉద్యోగం అంత పెద్దదా?"

"పేరు గడి చదువు, నువ్వెందుకాగావు?"

"పేరు గడి ఖాళీగా ఉంది పెదనాన్నా. పేరు పక్కన మార్జిన్లో రాసుంది. వేరే సిరాతో. వేరే దస్తూరీ."

"అదీ! పుట్టిన మూడు నెలలకి నమోదు. పేరు అప్పటికీ లేదు. తర్వాతెప్పుడో ఎవరో గుర్తొచ్చి మార్జిన్లో దూర్చారు. సొంత బిడ్డకి ఎవరైనా పేరు మర్చిపోతారా?"

"మర్చిపోలేదు. మన నాన్నమ్మ ఒక పేరు పెట్టమంది, నాన్న ఒకటి పెడతానన్నాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. నన్ను ఏడాదంతా 'ఇదిగో' అని పిలిచారు. నువ్వు మాత్రం పేరుతో పిలిచావా ఎప్పుడైనా?"

"కొట్టివేతలు మూడు. సిరా మరక ఒకటి. చూడు, చూడు, కాగితమే సిగ్గుపడుతోంది. ఇప్పుడు నాది చూపించు అమ్మాయ్. వెలుతురులో పట్టుకో. అదీ కాగితమంటే!"

"దీంట్లో ఏమీ లేదు కదా, పెదనాన్నా."

"ఏమీ లేకపోవడమేంటి? పేరు ఉంది. మగ అని ఉంది. తేదీ ఉంది. ఊరు ఉంది. ఇంకేం కావాలి మనిషికి? ఒక్క కొట్టివేత లేదు. ఒక్క మరక లేదు. తగాదాలేని పొలం ఇలాగే ఉంటుంది, నాలుగు రాళ్లు, నాలుగు మూలలు. మీ అత్తది చూడు, సంత జరిగిన మర్నాడు మైదానంలా ఉంది."

"నీది పొట్టిగా ఉందిరా తమ్ముడూ."

"సూటిగా ఉంది. సూటిదనం నీకు పొట్టిగానే కనబడుతుంది."

"సరే, సూటిగానే ఉంది. మడిచి లోపల పెట్టు. పిల్లకి ఆకలేస్తోంది."

"ఆకలెయ్యట్లేదు, అత్తా."

"వేస్తోంది. నీకు తెలీదు."

"మాట మార్చకు అక్కా. ఎప్పుడూ ఇంతే, ఓడిపోయేటప్పుడు అన్నం గుర్తొస్తుంది. కాగితాలు వదిలెయ్. ముఖాలు చూద్దాం. గోడమీద నాన్న ఫొటో చూడు. ముక్కు చూడు, కుడివైపుకి వంగి. నా ముక్కు చూడు. అచ్చుగుద్దినట్టు. నీ ముక్కు చూడు."

"నాన్న ముక్కు సైకిల్ మీంచి పడి వంకరైంది."

"అయితే?"

"అయితే ఏంటి? సైకిల్ మీంచి పడ్డం రక్తంలో వస్తుందా? నీదెలా వంకరైందో నీకు గుర్తులేదా? బడి మెట్లమీద ఎవడో తోస్తే..."

"ఏంటి ఆగిపోయావ్?"

"ఏం లేదు. నాన్న ముక్కే. పోలికే. నాకు చత్వారం."

"ఒప్పుకుంటున్నావు కదా. రాసుకో అమ్మాయ్, నా ముక్కు నాన్నదే."

"షీటులో ముక్కులకి గడి లేదు, పెదనాన్నా."

"ఎదురు చెప్తోందే! నోట్లో మాట బయటికి రాదు గానీ వచ్చిందంటే ముల్లే. ఆ నిబ్బు తీసుకో. చుక్కలు పెట్టు."

"పెట్టిందంటే చూడు! ఒరే, వినరా. నలభై ఏళ్లు నీకు చొక్కాలు కుట్టాను. ఒక భుజం దిగి ఉంటుంది నీకు, తెలుసా? ఎవరికీ తెలీదు. ఎందుకు తెలీదు? నేను లోపల గుడ్డ పెట్టి లేపి కుడతాను కాబట్టి. ఈ ఇంట్లో నేను తగాదా హద్దునైతే, రేపట్నుంచి ఒక భుజంతోనే తిరుగు."

"బెదిరిస్తున్నావా?"

"చెప్తున్నాను. నా పేరు కింద చుక్క పడితే నేను ఈ హాల్లో అడుగుపెట్టను. గోడకి ఆ షీటు, దాని కింద నువ్వు. ఇద్దరూ ఫ్రేములో ఉండండి."

"ఉంటాం. రక్తం ఉన్నవాళ్లం ఉంటాం."

"పెదనాన్నా, ఒక మాట..."

"నువ్వాగు."

"కాదు పెదనాన్నా. నాన్న కాగితంలో నాన్నమ్మ పేరు ఉంది. తాతయ్య పేరు, సంతకం ఉన్నాయి. అత్త కాగితంలో కూడా తల్లి గడిలో నాన్నమ్మ పేరే ఉంది. మీ కాగితంలో..."

"నా కాగితంలో?"

"నాన్నమ్మ లేదు. తాతయ్య కూడా లేడు. అసలు ఆ గళ్లే లేవు."

"పిల్లా, వెళ్లి నా పెద్ద కత్తెర పట్టుకురా."

"కత్తెర నీ చేతిలోనే ఉందత్తా."

"ఇంకో కత్తెర!"

"ఎక్కడికి పంపిస్తావక్కా, ఉండనీ. తెలివైన ప్రశ్న వేసింది, జవాబు వినాలి. అమ్మాయ్, అందరికీ తెలిసినదాన్ని ఎవరూ కాగితంలో రాయరు. గడియారాలాయన పెద్దకొడుకు ఎవరి కొడుకో ఊరందరికీ తెలుసు. గుమాస్తా మళ్లీ రాసి చూపించాలా? అనుమానం ఉన్నచోటే అమ్మ పేరు, నాన్న పేరు, వేలిముద్రలు, సాక్షులు. అర్థమైందా?"

"మరి నాన్నకి కూడా రాశారు కదా."

"మీ నాన్న... మీ నాన్న చివరివాడు. చివరివాళ్లకి రాస్తారు."

"ఒరే, నీ నోటికి నువ్వే దండం పెట్టుకో. మంచి జవాబు. బాగుంది. ఇక మూసెయ్ ఈ కచేరీ."

"నువ్వెందుకు కంగారు పడుతున్నావక్కా?"

"నాకేం కంగారు? మిషను మీద ఒకరి పెళ్లి జాకెట్టు ఉంది."

"పెదనాన్నా, మీకు కూడా పూర్తి నకలు కావాలని నేనే దరఖాస్తు రాశాను కదా. మీరు చెప్తే. మూడుసార్లు."

"రాశావు. మూడుసార్లూ ఇదే పంపారు. ఆఫీసులో అందరూ నిద్రపోతారు. పూర్తి అంటే ఏంటో, సగం అంటే ఏంటో తెలియని మొద్దులు. మా కాలంలో అలాంటివాణ్ని ఎండలో రాళ్లు మోయించేవాళ్లం."

"మూడోసారి దాంతో ఒక చీటీ వచ్చింది."

"చెత్తబుట్టలో పడేశాను."

"నేను తీశాను. వెనకవైపు తెల్లగా ఉంది, అక్షరాలు రాసి చూసుకోవచ్చని."

"పిల్లా."

"అందులో ఏముంది? చదువు. ఆ మొద్దుల భాషేంటో మీ అత్త కూడా విని నవ్వుకుంటుంది."

"పిల్లా, వద్దు. ఇటివ్వు. సిరా అంటుకుంటుంది షీటుకి."

"చదవమ్మాయ్!"

"'మీరు తెలిపిన తల్లిదండ్రులకు ఆ సంవత్సరం మగపిల్లవాడు పుట్టినట్టు మా రిజిస్టరులో లేదు. తల్లిదండ్రుల వివరాలు బయటికి ఇవ్వరాని పిల్లలకు ఈ చిన్న నకలు మాత్రమే ఇవ్వబడుతుంది.'"

"ఏంటి?"

"అంతే ఉంది, పెదనాన్నా."

"మళ్లీ చదువు. లేదు అంటే... ఏం లేదు? ఎవరికి లేదు? ఇవ్వరాని పిల్లలేంటి? ఏ పిల్లలు? అక్కా, ఏంటిది? నువ్వెందుకు నన్నలా చూస్తున్నావు? అక్కా."

"నవ్వొస్తోంది, అందుకు."

"నవ్వా?"

"ఆ మొద్దులు నీ కవర్లో ఇంకెవరి చీటీనో పెట్టారు. అందుకు. అంతేకాదు. సరే, చెప్తాను విను. దాచి దాచి నాకూ విసుగొచ్చింది. నువ్వన్నదే నిజం."

"నేనేమన్నాను?"

"పిండిమర. పిండిమర దగ్గర దొరికాను. నన్నే తెచ్చుకున్నారు. అమ్మ నాకు పెళ్లీడు వచ్చినప్పుడు చెప్పింది. ఇంకెవరికీ చెప్పొద్దంది. చాలా?"

"అత్తా! ఇందాకే కదా నువ్వు..."

"నువ్వు నోర్ముయ్. పెద్దవాళ్లు మాట్లాడుతున్నారు."

"నిజంగానా అక్కా?"

"నిజంగానే. ఇన్నాళ్లకి ఒక్క కొలతైనా సరిగ్గా పడింది నీకు. సంబరపడు."

"నేను చెప్పలేదూ? చెప్పలేదూ! కాగితం చూడగానే పట్టేశాను. మరక, వేలిముద్ర, మార్జిన్లో పేరు. ఇన్నేళ్ల అనుభవం ఊరికే పోతుందా? ఏడవకు అక్కా."

"ఎవరేడ్చారు? నువ్వు ముందు ఆ చెమట తుడుచుకో."

"ఉక్కగా ఉంది. చూడు, నేనేం చెడ్డవాణ్ని కాదు. తెచ్చుకున్నా, ఈ ఇంట్లోనే పెరిగావు. చుక్కలు పెట్టినా చక్కటి చుక్కలు పెట్టిస్తాను. కింద చిన్నక్షరాలతో 'పెంపకం' అని. గౌరవంగా."

"చాలా గౌరవం. నా తల బరువెక్కిపోతోంది."

"భోజనం కూడా ఎప్పట్లా మాతోనే."

"వండేది నేనేరా, వెధవా. ఇంకెవరితో తింటాను?"

"అదే, అదే. ఏమీ మారదంటున్నాను. అమ్మాయ్, ఆ చీటీ ఇటివ్వు... వద్దు. నాకివ్వకు. నువ్వే చించు. చిన్న ముక్కలు చెయ్యి. ఇంకా చిన్నవి. నేను ప్రెస్సువాడికి ఫోన్ చేసొస్తాను. వచ్చేసరికి చుక్కలు ఆరిపోయి ఉండాలి."

వెనకగది గుమ్మం దగ్గర. పెదనాన్న ముందుగదిలో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"అత్తా."

"దారం కావాలా?"

"కాదు."

"అయితే వెళ్లు. పెళ్లి జాకెట్టు ఇంకా చేతులు లేకుండా ఉంది."

"చీటీ వేరేవాళ్లది కాదు కదా అత్తా. కవర్ మీద పెదనాన్న పేరుంది. చీటీ మీద కూడా ఉంది. పైన చిన్నగా. నేను అది పైకి చదవలేదు."

"ఎందుకు చదవలేదు?"

"నువ్వు 'పిల్లా' అన్నావు కదా. అప్పుడు నీ గొంతు అదోలా ఉంది."

"ఇంట్లో ఒక్కదానికైనా చెవులున్నాయి. సరే, విన్నావు కదా, అక్కడితో వదిలెయ్."

"పిండిమరలో పుట్టింది నువ్వు. నాన్నమ్మకే పుట్టావు. కాగితంలో అన్నీ ఉన్నాయి. మరి నీకెందుకు చుక్కలు? నేను పెట్టను."

"పెట్టు."

"పెట్టను! ఆయన నిన్ను దొరికినదానివన్నాడు. కాగితం సిగ్గుపడుతోందన్నాడు. నువ్వు ఒక్క మాట తిరిగి అనుంటే..."

"మెల్లిగా! ఇన్నాళ్లూ గొణిగి, ఇవాళేనా నీకు గొంతు దొరికింది? అంటే ఏమవుతుంది? వాడికి అరవై రెండు. ఇప్పుడు వాడికి ఏ ఫొటో చూపించి 'అది నీ ముక్కు కాదు' అని చెప్పను? నేను చుక్కల్లో ఉన్నా మిషను తొక్కుతాను. వాడు చుక్కల్లో ఉంటే నీళ్లు కూడా తాగడు. మాట పడటం చేతకాదు వాడికి. అనడం ఒకటే నేర్చుకున్నాడు."

"ఆయనకి తెలిసిపోయిందేమో అత్తా. చీటీ ఇంకా చిన్న ముక్కలు చెయ్యమన్నాడు."

"తెలిస్తే నన్నడిగే దాకా తెలియనట్టే. అడిగితే పిండిమర అంటాను. ఎన్నిసార్లడిగినా పిండిమరే."

"షీటు గోడమీద ఉంటుంది కదా. వచ్చినవాళ్లందరూ నిన్ను..."

"చూడనీ. నువ్వొక పని చెయ్యి. చుక్కలు దగ్గరదగ్గరగా పెట్టు. బాగా దగ్గరగా, నేను కుట్టు వేసినట్టు. గుమ్మంలో నిలబడి చూసేవాడికి గీతలాగే కనపడాలి. మీ పెదనాన్నకి చత్వారం, కళ్లజోడు పెట్టుకోడు. పేచీ రాదు."

"అత్తా, ఆయన్ని ఎక్కణ్నుంచి... నీకు అప్పటికి తెలిసే వయసా?"

"తొమ్మిదేళ్లు. మీ నాన్న పుట్టేదాకా నా తర్వాత అమ్మకి ఎవరూ నిలవలేదు. వాణ్ని తెచ్చుకుని బస్సులో వస్తున్నాం. అమ్మకి కళ్లు తిరిగాయి, నాన్న చేతుల నిండా సంచులు. దారంతా నా ఒళ్లోనే ఉన్నాడు. మెడ కింద చెయ్యేసి సరిగ్గా పట్టుకోవడం నాకు రాలేదు, అందుకే ఆ భుజం దిగిపోయిందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. కొత్త గౌనంతా తడిపేశాడు. వేలు తియ్యి తల్లీ, నలుగుతుంది. తలుపు వేస్తున్నాను."